పల్లవి ఒక దారి, చరణం ఒక దారి

(న్యూజెర్సీ, ఎడిసన్‌లో తెలుగువాళ్ళ సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. సాహిత్య సమావేశంలో రాక్ పాట గురించి ప్రసంగం ఏమిటని ఇప్పటికే ఇద్దరు ముగ్గురు అడిగారు. సమాధానం ముందే చెప్పేస్తాను. ఈ పాట మన పక్కింటి పాట. దీన్ని రాసినాయన పెరిగిన ఫ్రీహోల్డ్ ఇక్కడి నుంచి రూట్ 9 మీద అరగంట, ట్రాఫిక్ లేకపోతే. (నవ్వులు) ట్రాఫిక్ లేని రోజు నేనింకా చూడలేదనుకోండి.

పాట పేరు ‘బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ’. పాడింది బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్. 1984 జూన్‌లో ఇదే పేరుతో ఆల్బమ్ వచ్చింది. జూలై నాలుగున, అమెరికా స్వాతంత్ర్య దినాన, టపాసులు కాల్చే ప్రతి పార్కులోనూ ఈ పాట వింటాం. ఎన్నికల సభల్లో వింటాం. మన పిల్లల స్కూలు ఫంక్షన్లలో కూడా వినే ఉంటారు. పల్లవి అందరికీ వచ్చు, ఎందుకంటే అందులో ఉన్నదంతా పేరులోనే ఉంది. మరి చరణాలు ఎంతమందికి వచ్చు? చేతులెత్తండి. సరే, వెనక వరుసలో ఒకాయన. మిగతావాళ్ళు సిగ్గుపడక్కర్లేదు, అమెరికాలో పుట్టినవాళ్ళను అడిగినా లెక్క ఇంతే.

చరణాల్లో ఏముందో నా మాటల్లో చెబుతాను. కళ తప్పిన ఊళ్ళో పుట్టినవాడొకడు. నేల మీద పడగానే మొదటి తన్ను తిన్నాడు. దెబ్బలకు అలవాటుపడిన కుక్కలా, బతుకంతా ఒళ్ళు కాచుకోవడంతోనే సరిపోతోంది. ఊళ్ళో ఏదో చిన్న గొడవలో ఇరుక్కుంటే చేతికి తుపాకీ ఇచ్చి పరాయి దేశానికి పంపారు. అక్కడి మనుషులను చంపడానికి పంపారని చెబుతూ, వాళ్ళ ఒంటి రంగును పట్టి ఒక మాట అంటాడు. ఆసియా నుంచి వచ్చినవాళ్ళం కదా, ఆ మాట దగ్గర మనకు చివుక్కుమంటుంది. అది ఆ పాత్ర నోట్లోకి సైన్యం పెట్టిన మాట. పాట దాన్ని కడిగి శుభ్రం చేయదు, అలాగే వదిలేస్తుంది.

తిరిగొచ్చాడు. రిఫైనరీకి వెళ్తే, పనిలో పెట్టుకునే మనిషి ‘నా చేతుల్లో ఉంటే ఇచ్చేవాణ్ణి బాబూ’ అంటాడు. మాజీ సైనికుల ఆఫీసుకు వెళ్తే అక్కడాయన ‘నీకింకా అర్థం కాలేదా’ అన్నట్టు మాట్లాడతాడు. తర్వాత ఖే సాన్‌లో పోయిన అన్నో తమ్ముడో, ఒక సోదరుడు. ఖే సాన్ అంటే వియత్నాం యుద్ధంలో, 1968లో అమెరికా మెరీన్లు 77 రోజుల ముట్టడిని తట్టుకుని నిలబడ్డ స్థావరం. అంత రక్తం ధారపోసి నిలబెట్టుకున్న చోటును అదే ఏడాది జూలైలో వాళ్ళే కూల్చేసి వెళ్ళిపోయారు. పాటలో శత్రువును వియత్‌కాంగ్ అంటాడు. అంటే దక్షిణ వియత్నాంలోని కమ్యూనిస్టు గెరిల్లాలు. నిజానికి అక్కడ ముట్టడించింది ప్రధానంగా ఉత్తర వియత్నాం సైన్యం. అంత వివరం తెలిసి పాడే పాత్ర కాదతను. వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు, మనవాడే లేడు అంటాడు. సైగాన్‌లో ఆ సోదరుడికి ఒక ప్రియురాలు. ఆమె చేతుల్లో అతనున్న ఫొటో ఒకటి మిగిలింది. ఆ మాట తర్వాత పల్లవి రావాలి కదా? రాదు. గాయకుడు ఊరుకుంటాడు, వాయిద్యం మాత్రం నడుస్తుంది. నాలుగున్నర నిమిషాల పాటలో నాకు అన్నిటికన్నా పెద్ద చోటు అదే.

చివరి చరణంలో జైలు నీడ, రిఫైనరీ గ్యాసు మంటలు. పదేళ్ళుగా రోడ్లు పట్టి తిరిగినా పోవడానికి చోటు లేదు. ఏ జైలు, ఏ రిఫైనరీ అని పాట చెప్పదు. కానీ మనం ఎక్కడున్నామో చూడండి. రూట్ 1 మీద ఉత్తరం వైపు వెళ్తే రావే అనే ఊరి జైలు గుమ్మటం కనిపిస్తుంది. టర్న్‌పైక్ మీద లిండెన్ దగ్గరికొచ్చేసరికి కారు అద్దాలు ఎక్కించుకుంటాం, ఆ వాసనకి. రాత్రిపూట ఆ గొట్టాల మీద మంట వెలుగుతూ ఉంటుంది. ఎయిర్‌పోర్టుకు అమ్మానాన్నల్ని దించడానికి వెళ్తూ మనందరం చూసినదే. ఈ పాట అక్కడే జరిగిందని నేను అనడం లేదు. ఇలాంటి చోట పెరిగినవాడికి ఆ రెండు దృశ్యాల కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, అంతే.

ఇక ఆయన సంగతి. 1949 సెప్టెంబరు 23న లాంగ్ బ్రాంచ్‌లో పుట్టాడు, ఫ్రీహోల్డ్‌లో పెరిగాడు. తండ్రి ఒక్క ఉద్యోగంలో కుదురుగా ఉన్న మనిషి కాదు. కొన్నాళ్ళు రగ్గుల మిల్లు, కొన్నాళ్ళు బస్సు డ్రైవరు, కొన్నాళ్ళు ఇక్కడే మన ఎడిసన్‌లో ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీని 2004లో మూసేశారు. రూట్ 1 మీద దాని స్థలంలో ఇప్పుడు షాపింగ్ సెంటర్ ఉంది, మనం సామాన్లు కొనుక్కునేది అక్కడే.

ఆయన కుర్రతనంలో ‘కాస్టైల్స్’ అని ఒక బ్యాండు. అందులో డ్రమ్స్ వాయించిన బార్ట్ హేన్స్ మెరీన్స్‌లో చేరాడు. వియత్నాం మ్యాపులో ఎక్కడుంటుందో కూడా తెలియకుండానే నవ్వుతూ వెళ్ళాడని స్ప్రింగ్‌స్టీన్ చెబుతాడు. 1967లో అక్కడే చనిపోయాడు. అదే ప్రాంతంలో ‘మోటిఫ్స్’ అనే బ్యాండుకు గాయకుడు వాల్టర్ సికాన్, ఈ కుర్రాళ్ళందరికీ హీరో. 1968లో యుద్ధంలో గల్లంతయ్యాడు. స్ప్రింగ్‌స్టీన్‌కు కూడా సైన్యంలో చేరమని పిలుపు వచ్చింది, పరీక్షకు నెవార్క్ వెళ్ళాడు. అంతకుముందు మోటర్‌సైకిల్ ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఉంది. పనికిరాడని పంపేశారు. నా బదులు ఎవరు వెళ్ళారో అని అప్పుడప్పుడూ అనిపిస్తుంది, ఎందుకంటే ఎవరో ఒకరు వెళ్ళే ఉంటారు కదా అని తర్వాత చాలా ఏళ్ళకు స్టేజి మీదే అన్నాడు.

ఆ తర్వాత ఒక కాకతాళీయం. కారులో దేశం తిరుగుతూ, ఆరిజోనాలో ఒక మందుల షాపులో రాన్ కోవిక్ ఆత్మకథ కొన్నాడు. కోవిక్ యుద్ధంలో నడుము కింద చచ్చుబడిపోయి తిరిగొచ్చిన సైనికుడు. కొద్ది రోజులకు లాస్ ఏంజెలెస్ హోటల్లో ఈత కొలను పక్కన చక్రాల కుర్చీలో ఉన్న మనిషి ఒకడు వచ్చి పలకరించాడు. చూస్తే కోవిక్! ఆయన వెంట మాజీ సైనికుల కేంద్రానికి వెళ్ళాడు. అక్కడి నుంచి బాబీ మల్లర్ పరిచయం. మల్లర్ కూడా చక్రాల కుర్చీ మనిషే, వియత్నాం సైనికుల సంఘం నడుపుతున్నాడు, సంఘం దగ్గర డబ్బు లేదు. 1981 ఆగస్టు 20న లాస్ ఏంజెలెస్ స్పోర్ట్స్ అరెనాలో వాళ్ళ కోసం కచేరీ చేశాడు. స్టేజి పక్కనే ఎత్తుగా వేదిక కట్టి గాయపడ్డ సైనికులను కూర్చోబెట్టారు. ఆ రాత్రి వచ్చిన డబ్బుతోనే సంఘం నిలబడింది. ఇది చెప్పకుండా పాట గురించి మాట్లాడితే, ఎవరో కుర్చీలో కూర్చుని దేశం మీద విసుర్లు విసిరినట్టు అనుకుంటాం. ఆయనకు ఆ మనుషుల ముఖాలు తెలుసు.

పాట పేరు మాత్రం అప్పు తెచ్చుకున్నది. పాల్ ష్రేడర్ అనే సినిమా రచయిత తన స్క్రిప్టు ఒకటి పంపాడు. దాని పేరే ‘బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ’. స్ప్రింగ్‌స్టీన్ దగ్గర అప్పటికే ‘వియత్నాం’ అనే పేరుతో సగం నలిగిన పాట ఉంది. బల్ల మీద ఉన్న ఆ అట్ట మీది పేరు తీసి దానికి తగిలించాడు. పాట హిట్టయ్యాక ఆ పేరుతో సినిమా తీయడం ఎలా? ష్రేడర్ సినిమా పేరు మార్చి 1987లో విడుదల చేశాడు, స్ప్రింగ్‌స్టీన్ అప్పు తీర్చడానికి ఆ సినిమాకి కొత్త టైటిల్ పాట రాసిచ్చాడు. మన సినిమా వాళ్ళయితే టైటిల్ రిజిస్ట్రేషన్ గొడవ ఎంత దూరం పోయేదో! (నవ్వులు)

1982 జనవరి. కోల్ట్స్ నెక్‌లో అద్దె ఇల్లు. ఫ్రీహోల్డ్ పక్కనే, గుర్రాల ఫారాలు ఉండే ఊరు, ఆపిల్స్ కోయడానికి పిల్లల్ని తీసుకెళ్తామే, అదే. పడకగదిలో టియాక్ కంపెనీ నాలుగు ట్రాకుల క్యాసెట్ రికార్డరు పెట్టుకుని ఒక్కడే గిటారుతో వరసగా పాటలు రికార్డు చేశాడు. బ్యాండుకు వినిపించడానికి నమూనా అనుకున్నాడు. ఆ క్యాసెట్‌ను పెట్టె కూడా లేకుండా జేబులో వేసుకుని వారాల తరబడి తిరిగాడట. తర్వాత స్టూడియోలో ఎన్నిసార్లు వాయించినా ఆ క్యాసెట్‌లో ఉన్నది రాలేదు. చివరికి క్యాసెట్‌నే ‘నెబ్రాస్కా’ అనే ఆల్బమ్‌గా విడుదల చేశారు. హంతకులు, ఉద్యోగం పోయినవాళ్ళు, రాత్రిపూట రోడ్ల మీద ఒంటరిగా కారు నడిపేవాళ్ళు, వీళ్ళ పాటలవి. మన పాట కూడా ఆ క్యాసెట్‌లోనే ఉంది. ఒక గిటారు, ఒక గొంతు. అది వింటే జూలై నాలుగున టపాసులు కాల్చాలని ఎవరికీ అనిపించదు.

అదే ఏడాది వసంతంలో మన్‌హటన్‌లో పవర్ స్టేషన్ స్టూడియో. ఒకప్పుడు కరెంటు కంపెనీది, అందుకే ఆ పేరు. ఈ పాటను బ్యాండుకు చూపించాడు. రాయ్ బిట్టన్ సింథసైజర్ మీద చిన్న స్వరమాల ఒకటి పట్టుకున్నాడు. మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ము మీద కొట్టిన దెబ్బ తుపాకీ పేలినట్టు వచ్చింది. పాట మొత్తానికి రెండే కార్డులు (కలిపి వాయించే స్వరాల గుత్తులు), బీ, ఈ. సంగీతం వచ్చినవాళ్ళు గమనించండి: ఆ చిన్న స్వరమాల మొదటి సెకను నుంచి చివరిదాకా మారదు. సోదరుడు పోయాడన్నప్పుడూ అదే, ఉద్యోగం లేదన్నప్పుడూ అదే, పల్లవిలోనూ అదే. శోకం దగ్గర స్వరం దిగాలి కదా, దిగదు. పెళ్ళి బ్యాండువాళ్ళు విషాద గీతాన్ని కూడా బరాత్ ఊపులో వాయించేస్తారు చూడండి, అలా ఉంటుంది. బ్యాండువాళ్ళు తెలియక చేస్తారు, ఈయన తెలిసే చేశాడు.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. మన పాటల్లో, త్యాగరాజ కీర్తన తీసుకోండి, సినిమా పాట తీసుకోండి, పల్లవి ఒక మాట అంటుంది, చరణాలు ఆ మాటను బలపరుస్తాయి, విడమరుస్తాయి. చరణం వెళ్ళి పల్లవితో తగువు పెట్టుకోదు. ఇక్కడ పెట్టుకుంటుంది. చరణంలో దేశం వాడిని తన్నింది. పల్లవిలో వాడు ఈ దేశంలోనే పుట్టానని గొంతు చించుకుంటున్నాడు. అది గర్వమా? ‘ఇక్కడే పుట్టాను కదరా, మరి నాకిదేం గతి’ అని నిలదీయడమా? రెండూ ఉన్నాయి. స్ప్రింగ్‌స్టీన్ తన ఆత్మకథలో దాదాపు ఇదే రాశాడు. కిందికి లాగే బ్లూస్ చరణాలు, పైకి ఎగిరే పల్లవి, ఆ రెంటి కలయికే జనాన్ని తికమకపెట్టిందని, తను చేసిన వాటిలో గొప్పదీ ఇదే, ఎక్కువగా అపార్థానికి గురైనదీ ఇదేనని.

అపార్థం కథ మీలో చాలామందికి తెలుసు, త్వరగా చెబుతాను. 1984 ఎన్నికల ఏడాది. ఆగస్టులో వాషింగ్టన్ దగ్గర కచేరీకి డ్రమ్మర్ వైన్‌బర్గ్ పిలిస్తే జార్జ్ విల్ అనే కాలమిస్టు వెళ్ళాడు. సంప్రదాయవాది, మెడకు బో టై. చెవుల్లో దూది పెట్టుకుని మరీ విన్నాడు, ఆ సంగతి తనే రాసుకున్నాడు. సెప్టెంబరు 13న ఆయన కాలమ్‌లో సారాంశం ఏమిటంటే, ఈ కుర్రాడు ఏడుపుగొట్టువాడు కాదు, మూతపడ్డ ఫ్యాక్టరీల గురించి పాడినా చివరికి ఉల్లాసంగా దేశాన్ని చాటుతాడు అని. ఆరు రోజులకే అధ్యక్షుడు రీగన్ న్యూజెర్సీకి వచ్చాడు. ఎక్కడికి? హామంటన్‌కి. బ్లూబెర్రీలు కోసుకోవడానికి వెళ్తామే, ఆ ఊరే. అమెరికా భవిష్యత్తు మీ గుండెల్లోని వేల కలల్లో ఉంది, న్యూజెర్సీ సొంత బిడ్డ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ పాటల్లోని ఆశా సందేశంలో ఉంది అన్నాడు. అవతలి పక్షం మాండేల్ ఊరుకున్నాడా? స్ప్రింగ్‌స్టీన్ మద్దతు మాకే అని ఆయన ప్రచారం వాళ్ళు చెప్పుకుని, తర్వాత ఆ మాట వెనక్కి తీసుకోవాల్సొచ్చింది.

స్ప్రింగ్‌స్టీన్ కొద్ది రోజులకే పిట్స్‌బర్గ్ స్టేజి మీద మాట్లాడాడు. అధ్యక్షుడు నా గురించి ఏదో అన్నాడట, నా ఆల్బమ్‌లలో ఆయనకు ఏది ఇష్టమో అని ఆలోచించాను, ‘నెబ్రాస్కా’ మాత్రం అయి ఉండదు అని, ‘జానీ 99’ అందుకున్నాడు. అది ఫోర్డ్ ఫ్యాక్టరీ మూతపడి ఉద్యోగం పోయిన మనిషి తాగి ఒకణ్ణి కాల్చి చంపే కథ. ఆ ఫ్యాక్టరీ ఉన్నది మావాలో, ఇక్కడికి గంట దూరం. అది నిజంగానే 1980లో మూతపడింది.

ఈ కథ చెప్పి అందరూ నవ్వేది ఏమిటంటే, రీగన్‌కు పాట అర్థం కాలేదు అని. నాకు ఆ నవ్వు అంతగా రుచించదు. రీగన్ ఆ పాట పేరెత్తలేదు, స్ప్రింగ్‌స్టీన్ పేరు చెప్పాడు, అంతే. అసలు ఆల్బమ్ అట్ట చూడండి. ఆనీ లీబోవిట్జ్ తీసిన ఫొటో: జెండా చారల ముందు తెల్ల టీషర్టు, నీలం జీన్స్, వెనక జేబులో ఎర్ర టోపీ. కచేరీల్లో వెనక కొండంత జెండా. చేతికి కండలు, తలకు గుడ్డ. తుపాకీ దెబ్బలాంటి డ్రమ్ము. ఇన్ని పెట్టి, జనం జెండా ఊపితే తప్పు జనానిదా? పదివేల మంది పిడికిళ్ళెత్తి పల్లవి పాడుతుంటే ఆయన ఆపి, ‘చరణం వినండయ్యా’ అనలేదు. ఆ పాటతో వచ్చిన డబ్బునూ పేరునూ కాదనలేదు. ఆల్బమ్ ప్రపంచమంతా కలిపి 3 కోట్ల దాకా అమ్ముడైంది, అందులో 7 పాటలు అమెరికా టాప్ 10లోకి వెళ్ళాయి. ఈ ఆల్బమ్ పేరున్న పాట 9వ స్థానం దాకానే వెళ్ళింది, అదో విచిత్రం.

ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఒక గీత మాత్రం గీశాడు. క్రైస్లర్ కార్ల కంపెనీ అధిపతి లీ ఐయకోకా ఈ పాటను ప్రకటనలకు అడిగాడు. కోటీ ఇరవై లక్షల డాలర్లు ఇస్తామన్నారని చెప్పుకుంటారు. ఇవ్వనన్నాడు. కంపెనీవాళ్ళు ఏం చేశారంటే, దాదాపు ఇలాగే వినిపించే పాట ఒకటి చేయించి, అమెరికాలో పుట్టిన కారని కెన్నీ రోజర్స్‌తో పాడించారు. పల్లవి మాత్రమే కావాలి, చరణం అక్కర్లేదు అనుకునేవాళ్ళకు అదే సుఖమైన పద్ధతి.

మన దగ్గరా ఈ రోగం ఉంది. గురజాడ రాసినదాంట్లో దేశమంటే మట్టి కాదోయ్ అనే రెండు ముక్కలు ప్రతి మీటింగులోనూ వింటాం. ‘ఈసురోమని మనుషులుంటే దేశమేగతి బాగుపడునోయ్’ అనే చోటు బ్యానర్ మీద ఎంతమంది వేస్తారు? 1910లో రాశాడది. ఖే సాన్ నుంచి వచ్చి రిఫైనరీ గేటు దగ్గర నిలబడ్డవాడికి ఆ ఒక్క లైను చాలు.

(సభ నుంచి: మరి ఇంకెవరూ దీన్ని మార్చి పాడలేదా?)

పాడారండీ, అక్కడికే వస్తున్నాను. నాకు అన్నిటికన్నా నచ్చింది చీచ్ మారిన్ చేసింది. మెక్సికన్ మూలాల హాస్య నటుడు, లాస్ ఏంజెలెస్‌లో పుట్టినవాడు. 1985లో ‘బార్న్ ఇన్ ఈస్ట్ ఎల్‌ఏ’ అని పేరడీ పాడాడు, రెండేళ్ళకు సినిమా కూడా తీశాడు. కథానాయకుడు తూర్పు లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన పౌరుడు. ఇమిగ్రేషన్ రెయిడ్‌లో పట్టుబడ్డాడు. జేబులో గుర్తింపు కార్డు లేదు. ముఖం చూశారు, మెక్సికోకు పంపేశారు. వాడు సరిహద్దు అవతల నిలబడి, నేను అక్కడే పుట్టానని మొత్తుకుంటాడు. పేరడీ అని నవ్వుతూ వింటాం గానీ, అసలు పాటను అంత సరిగ్గా అర్థం చేసుకున్నవాళ్ళు తక్కువ. నేనిక్కడ పుట్టాను అన్నది అరుపు కాదు, ఆఫీసరు ముందు ఇచ్చే వాంగ్మూలం అని పట్టుకున్నాడు. 1990లో టూ లైవ్ క్రూ అనే ర్యాప్ బృందం తమ ఆల్బమ్‌ను అశ్లీలమని కోర్టు తేల్చినప్పుడు, స్ప్రింగ్‌స్టీన్ అనుమతితోనే ఈ బాణీని తీసుకుని ‘బాన్డ్ ఇన్ ది యూఎస్‌ఏ’ చేసింది. అది సరదా, వాక్‌స్వాతంత్ర్యం, అంతవరకే.

తూర్పు బెర్లిన్ సంగతి వేరు. 1988 జూలై 19, వైసెన్సే అనే చోట సైకిల్ రేసుల మైదానం. కమ్యూనిస్టు ప్రభుత్వ యువజన సంఘమే ఏర్పాటు చేసిన కచేరీ. కార్మికుల కష్టాలు పాడేవాడు కదా, మనవాడే అని వాళ్ళ లెక్క. టికెట్లే లక్షా అరవై వేలు, వచ్చినవాళ్ళు మూడు లక్షల దాకా ఉంటారని అంచనా. ఆయన జర్మన్‌లో చిన్న మాట చెప్పాడు, నేను ఏ ప్రభుత్వానికీ అనుకూలంగానో వ్యతిరేకంగానో రాలేదు, ఒక రోజు అడ్డుగోడలన్నీ పోతాయనే ఆశతో రాక్ అండ్ రోల్ వాయించడానికి వచ్చాను అని. గోడలు అనే మాటను నిర్వాహకుల భయం వల్ల చివరి నిమిషంలో అడ్డంకులు అని మార్చారట. ఆ రాత్రి ఇంట్లో కుట్టుకున్న అమెరికా జెండాలు పట్టుకుని, అమెరికా వెళ్ళే దారి లేని పిల్లలు లక్షల్లో నిలబడి ‘బార్న్ ఇన్ ది యూఎస్‌ఏ’ పాడారు. వాళ్ళెవరూ అక్కడ పుట్టలేదు, చరణాలు చాలామందికి తెలిసి ఉండవు. వాళ్ళకు కావలసింది బయట అన్న ఊహ. వాళ్ళకూ పాట అర్థం కాలేదందామా? పదహారు నెలలకు గోడ కూలింది. పాట వల్ల కూలిందని కొందరు పుస్తకాలే రాశారు, నేనంత దూరం పోను.

స్ప్రింగ్‌స్టీన్ కూడా తన పాటతో సర్దుబాటు చేసుకుంటూనే వచ్చాడు. 1995లో ఒంటరి గిటారుతో పర్యటన మొదలుపెట్టినప్పుడు ఇదే పాటను గుర్తుపట్టలేనంతగా మార్చి పాడాడు. కొందరికి పల్లవి వచ్చేదాకా ఏ పాటో తెలిసేది కాదు. 1998లో పాత క్యాసెట్ రూపాన్ని విడుదల చేశాడు. 2017, 18లో బ్రాడ్‌వే నాటకశాలలో రాత్రి తర్వాత రాత్రి, ముందు బార్ట్ హేన్స్ కథ, వాల్టర్ సికాన్ కథ చెప్పి, అప్పుడు స్లైడ్ గిటారు మీద గరగరమనే బాణీలో పాడేవాడు, పల్లవి దగ్గర వాయిద్యం కూడా ఆపేసి ఒట్టి గొంతుతో. పిడికిలి ఎత్తడానికి సందు ఇచ్చేవాడు కాదు. 2025లో 1982 నాటి ఇంకో రికార్డింగు బయటికొచ్చింది, బేస్, డ్రమ్స్ మాత్రమే తోడుగా ముగ్గురే వాయించింది. సింథసైజర్ లేదు, కాబట్టి ఆ స్వరమాల లేదు. కోపం ఒక్కటే మిగిలింది. అది విన్నాక నాకు తెలిసింది, నలభై ఏళ్ళ తగువంతా బిట్టన్ వేళ్ళ కింద పుట్టిందని. స్వరమాల తీసేస్తే ఎవరూ అపార్థం చేసుకోరు. ఎవరూ పాడుకోరు కూడా.

మన మాట. ఈ గదిలో ఉన్నవాళ్ళలో అమెరికాలో పుట్టినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన పిల్లలు మాత్రం దాదాపు అందరూ. 2025 జనవరి 20న ఒక అధ్యక్ష ఉత్తర్వు వచ్చింది. తండ్రి పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవాడో కాకపోతే, తల్లి హెచ్1బీ, హెచ్4, విద్యార్థి వీసాల వంటి తాత్కాలిక వీసా మీద ఉంటే, ఇక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం ఉండదని. ఫిబ్రవరి మూడోవారం తర్వాత పుట్టేవాళ్ళకు వర్తిస్తుందన్నారు. ఆ నెలలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఎంత టెన్షనో మీకు నేను చెప్పక్కర్లేదు. డెలివరీ తేదీలు లెక్కలు వేసుకున్నవాళ్ళు ఈ గదిలోనే ఉన్నారు. కోర్టులు నిలిపివేశాయి, వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ హక్కు ఎక్కడిది? 1868లో 14వ రాజ్యాంగ సవరణ. బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళ కోసం వచ్చింది. దాన్ని 1898లో సుప్రీంకోర్టులో గట్టిగా నిలబెట్టించింది సాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ అనే చైనా దంపతుల కొడుకు. చైనా వెళ్ళి తిరిగొస్తే ఓడ దిగనివ్వలేదు. నేనిక్కడ పుట్టానన్నాడు. గెలిచాడు.

అప్పటి నుంచి నాకు ఈ పాట పల్లవి ఇంకోలా వినిపిస్తోంది. స్ప్రింగ్‌స్టీన్ మన గురించి రాయలేదు, అలా లాక్కోవడం కూడా నాకిష్టం లేదు. ఆయన పాత్ర తెల్లవాడు, కార్మికుడు, ఆ ‘ఇక్కడే పుట్టాను’ అనేదాన్ని ఎవరూ సందేహించరు, సందేహించకపోయినా వాడికి ఒరిగిందేమీ లేదు. మన పిల్లలది తలకిందులు. వాళ్ళకు చదువు, ఉద్యోగం దొరుకుతాయి, పుట్టుకనే ఎవరో ప్రశ్నిస్తారు. చీచ్ మారిన్ పాత్రకు దగ్గర వాళ్ళు. మొన్న మా అబ్బాయిని అడిగాను, ఈ పాట గర్వమా, కోపమా అని. ‘ఎవరు పాడుతున్నారో చూసి చెబుతా నాన్నా’ అన్నాడు. పదకొండో తరగతి వాడు, తెలివి వాళ్ళమ్మది. (నవ్వులు)

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. రెండు రికార్డింగులూ తెచ్చాను. ముందు కోల్ట్స్ నెక్ క్యాసెట్ పెడతాను, తర్వాత అందరికీ తెలిసింది. ఆ ఫొటో మాట తర్వాత వచ్చే ఖాళీని మాత్రం వినండి, అక్కడ మాట్లాడుకోకండి. పాటయ్యాక ప్రశ్నలు తీసుకుంటాను. సౌండ్ కొంచెం పెంచండి బాబూ.